అమ్మమ్మ బకెట్టు

అమ్మమ్మ సంగతి సోమవారంతో తేల్చేద్దామని యజమానురాలు వచ్చి చెప్పేటప్పటికి రైలక్క చేతులు మోచేతుల దాకా దాణాలో ఉన్నాయి.

అమ్మమ్మ అంటే మనిషి కాదు, పొట్టి గుర్రం. ఆ స్వారీబడికి వచ్చే పిల్లలందరూ మొట్టమొదట ఎక్కింది దాని వీపే. ఎక్కి, మైదానం చుట్టూ తిరిగి, కింద పడకుండా దిగి, రాజ్యం గెలిచినట్టు ఇంటికి వెళ్ళేవాళ్ళు. ఇప్పుడు దాని మీద ఎవరినీ ఎక్కించడం లేదు. దవడ పళ్ళు కొన్ని అరిగిపోయాయి, కొన్ని ఊగుతున్నాయి. గడ్డి పెడితే నమిలి నమిలి ఉండ చేసి కింద వదిలేస్తుంది. దుమ్ము తగిలితే దగ్గు, దగ్గితే ఆయాసం, ఆయాసం వస్తే డొక్కలు కొలిమితిత్తుల్లా లేచి పడతాయి.

"డాక్టరమ్మతో మాట్లాడాను. సోమవారం పొద్దున వస్తానంది," అంది యజమానురాలు.

"పళ్ళు చూడ్డానికా మేడమ్?"

ఆవిడ గది తలుపు గొళ్ళెం తీసింది, మళ్ళీ వేసింది. "ఎముకలు బయటపడ్డాయి. రోజూ సగం బకెట్టు వెనక్కి వస్తోంది. తినలేని జీవాన్ని నిలబెట్టి ఏడిపించడం నా వల్ల కాదు. సూదిమందుతో నిద్రలోకి పంపించేస్తే దానికీ సుఖం."

"తింటుంది మేడమ్. నేను దగ్గరికెళ్తే ఎంత ఆబగా తింటుందో మీరు చూశారుగా."

"చూశాను. అంత ఆబగా తిని కూడా ఇలా ఉందంటే, ఇంక మనం చెయ్యగలిగింది ఏముంది చెప్పు."

రైలక్క ఆవిడ వెళ్ళిపోయాక కూడా చేతులు దాణాలోనే ఉంచి కాసేపు అలాగే కూర్చుంది. ఆమె పని మధ్యలో కూర్చోవడం ఆ గుర్రపుశాలలో ఎవరూ చూసి ఉండరు.

రైలక్క అసలు పేరు హాజరు పిలిచేటప్పుడు తప్ప ఎవరికీ గుర్తుకు రాదు. ఆమె నడుస్తుంటే రబ్బరు బూట్లు టపటపమని శాల ఈ చివర నుంచి ఆ చివరకి వినిపిస్తాయి. గుర్రాలన్నిటికీ దాణా పెట్టి, నీళ్ళు పోసి, ఖాళీ బకెట్లు ఏరుకొచ్చి కడిగి బోర్లించేసరికి మిగతావాళ్ళు టీ తాగి లేస్తుంటారు. కాలుగాలిన పిల్లి అని మొగుడు వెక్కిరిస్తాడు. అతను అక్కడే గుర్రాలకి నాడాలు కొడతాడు. అతను ఒక్క నాడా కొట్టేలోపు తను శాల మొత్తం ఊడ్చేయగలనని ఆమె అడిగినవాళ్ళకీ అడగనివాళ్ళకీ చెబుతూ ఉంటుంది. అది నిజం కూడా.

బకెట్ల విషయంలో ఆ శాలకి ఒకటే సూత్రం. గుర్రం తల తిప్పుకుంటే బకెట్టు తీసెయ్యాలి. తడి దాణా తొందరగా పులుస్తుంది, పులిసింది తింటే గుర్రానికి కడుపునొప్పి వస్తుంది, గుర్రానికి కడుపునొప్పి అంటే మనకి వచ్చినట్టు వాము నమిలితే పోయేది కాదు. ఒకప్పుడు అలా బంగారంలాంటి గుర్రం ఒకటి చచ్చిపోయింది. అప్పటినుంచి ఆ సూత్రాన్ని ఎవరూ ప్రశ్నించలేదు. రైలక్కంత చక్కగా పాటించినవాళ్ళూ లేరు.

అమ్మమ్మ విషయంలో ఆమె డాక్టరమ్మ చెప్పింది చెప్పినట్టు చేసింది. ఎండుగడ్డి తొట్టిలో నానబెట్టి, దుమ్మంతా పోయాకే పెట్టేది. గుళికల దాణాని గోరువెచ్చని నీళ్ళలో నానేసి, తవుడు కలిపి, ఒక్క ఉండ కూడా చేతికి తగలనంతవరకు పిసికేది. నేల మీద రంపపు పొట్టు తీయించి రబ్బరు పరుపు వేయించింది. కిటికీ పగలంతా తెరిచే ఉంచేది. "ఎంతసేపట్లో తింటోంది?" అని ఒకసారి డాక్టరమ్మ అడిగితే, "నేను పక్కన నిలబడితే చాలు డాక్టరమ్మా, చిటికెలో తినేస్తుంది. నా అడుగు చప్పుడుకే దానికి ఆకలి పుడుతుంది," అంది. అలా అంటున్నప్పుడు ఆమె మొహం వెలిగిపోయింది. డాక్టరమ్మ కూడా సంతోషించింది.

ఇంత చేసినా గుర్రం చిక్కిపోతూనే ఉంది. దేవుడు దాని గిన్నెకి చిల్లు పెట్టాడని రైలక్క అనుకునేది.

ఆ మధ్యాహ్నం మనసు మనసులో లేదు. నానిన గడ్డి నింపి నీళ్ళోడుతున్న వల భుజాన వేసుకుని ఎప్పటిలాగే పరుగున వస్తుంటే తడి గచ్చు మీద బూటు జారింది. కాలు మడతపడి కూలబడింది. మొగుడు సుత్తి కింద పెట్టి, చేతులు తుడుచుకుని, చెప్పులు వేసుకుని వచ్చేసరికి చీలమండ బన్నులా పొంగింది.

"పరుగెత్తి పాలు తాగేకంటే నిలబడి నీళ్ళు తాగమన్నారు పెద్దలు," అన్నాడు పక్కన చతికిలబడుతూ.

"నువ్వు నిలబడీ తాగవు, కూర్చునీ తాగవు. ముందు లేవదియ్యి," అంది రైలక్క.



మర్నాడు, శుక్రవారం, ఇంట్లో ఉండమంటే ఆమె వినలేదు. మొగుడి సైకిలు వెనక కూర్చుని, కట్టు కట్టిన కాలు గాల్లో వేలాడేసుకుని వచ్చింది. యజమానురాలు చూసి, సరే ఒకచోట కూర్చుని చిరిగిన గడ్డివలలు అల్లమంది. ఒకచోట అనగానే రైలక్క అమ్మమ్మ గదిలో మూల పెట్టె వేయించుకుంది. సోమవారం దాకా దాన్ని కళ్ళారా చూసుకోవచ్చని ఆమె ఉద్దేశం. దాణా పని అదే శాలలో పనిచేసే ఆమె ఆడపడుచుకి అప్పగించారు.

ఆడపడుచు మంచిదే. పని కూడా వచ్చు. కాకపోతే చేతిలో పని ఉన్నంతసేపూ నోట్లో మాట ఉండాలి, మాట ఉంటే పని ఆగాలి. మనుషులు దొరక్కపోతే ఫోను తీస్తుంది.

"ఆ తవుడు ఇంకా పిసుకు. ఉండలున్నాయి," అంది రైలక్క మూలనుంచి.

"పిసికాను వదినా."

"ఎడంపక్క అడుగున చూడు."

"నువ్వు కాలు విరగ్గొట్టుకుంటే నాకు విశ్రాంతి దొరుకుతుందనుకున్నాను. నీ నోరు కూడా బెణికితే బాగుండేది," అని నవ్వుతూ బకెట్టు అమ్మమ్మ ముందు పెట్టి పక్క గదికి వెళ్ళిపోయింది.

అమ్మమ్మ మూతి జావలో ముంచింది. కింది దవడ పక్కకి జరుగుతూ, ఒక్కో గుక్కనీ నోట్లో తిప్పుకుంటూ, తీరుబడిగా తింటోంది. కాసేపటికి ఒకడుగు వెనక్కి వేసి, గోడ వైపు తల తిప్పేసింది. పెదవులనుంచి జావ కారుతోంది. డొక్కలు లేచి పడుతున్నాయి. కళ్ళు సగం మూసుకుంది.

"తల తిప్పింది. బకెట్టు తియ్యి," అని రైలక్క కేకేసింది. ఎవరూ పలకలేదు. శాల ఆ చివరనుంచి ఆడపడుచు ఫోనులో నవ్వడం వినిపించింది. లేచి తీద్దామంటే కాలు నేల మీద ఆనడం లేదు. "దీని నవ్వు తగలెయ్య," అనుకుంటూ మళ్ళీ అల్లిక చేతిలోకి తీసుకుంది.

దగ్గు రెండుసార్లు వచ్చి ఆగింది. అమ్మమ్మ ముక్కు గోడకి రుద్దుకుంది. డొక్కలు నెమ్మదించాయి. అప్పుడది తల ఇటు తిప్పి, మళ్ళీ బకెట్టు దగ్గరికి వచ్చి తినసాగింది.

రైలక్క అల్లిక ఆపింది. ఇలా జరుగుతుందని ఆమెకి తెలియదు. తెలిసే అవకాశమే రాలేదు. ఆమె ఎప్పుడూ తల తిప్పిన క్షణానికి అక్కడ ఉండేది, మరుక్షణానికి బకెట్టుతో సహా బయట ఉండేది. గుర్రం మళ్ళీ వెనక్కి తగ్గింది, గోడ చూసింది, ఊపిరి తీసుకుంది, మళ్ళీ వచ్చింది. మిగతా బకెట్లన్నీ కడిగి బోర్లించిన చప్పుడయ్యాక, ఎప్పటికో ఆడపడుచు పరుగున వచ్చింది.

"అయ్యో, దీని బకెట్టు మర్చేపోయాను వదినా. మా అత్తగారు ఫోను పెట్టనివ్వలేదు," అని లోపలికి తొంగి చూసి, "ఇదేంటి, అంతా నాకేసింది," అంది.

బకెట్టు అడుగు మెరుస్తోంది. రైలక్కకి సంతోషం కలగాలి. కలిగింది కూడా, కానీ దాని వెనకే చురుక్కుమంది. నెలల తరబడి తను పిసికి పెడితే సగం వదిలేసిన గుర్రం ఈ మాటల పోగు చేతిలో అడుగుదాకా తినడం ఏమిటి?

"నా చెయ్యి మంచిది వదినా. ఏం చేస్తాం," అంది ఆడపడుచు.

"నీ చెయ్యి కాదు, నీ బద్ధకం," అంది రైలక్క కసిగా. అది ఎంత నిజమో ఆమెకి ఆ రోజు తట్టలేదు.



శనివారానికి వాపు తగ్గింది. బూటు ఎలాగో ఎక్కింది. పొద్దున దాణా వేళకి రైలక్క పెట్టె మీద కూర్చోలేదు. తన చప్పుడు వింటే గుర్రం ఎలా తింటుందో ఆడపడుచుకి చూపించాలనిపించింది. అసూయే, ఇంకో పేరు పెట్టి లాభం లేదు. ఆడపడుచు బకెట్టు పెట్టిన కాసేపటికి, నీళ్ళతొట్టి దగ్గరనుంచి కుంటుతూనే టపటపా నడిచి వచ్చింది.

గది చువ్వల్లోంచి ముందు ఆమెకి అమ్మమ్మ నెమ్మదిగా తింటూ కనిపించింది. బూట్ల చప్పుడు దగ్గరవగానే దాని చెవులు వెనక్కి పడిపోయాయి. మెడ బిగుసుకుంది. మొహం కళ్ళదాకా బకెట్టులో దూర్చేసి, నమలకుండా గుటకలు గుటకలుగా మింగడం మొదలుపెట్టింది. పొలమారింది. దగ్గు తన్నుకొచ్చి ముక్కుల్లోంచి జావ చిమ్మింది. అయినా తల ఎత్తలేదు. దగ్గుతూనే మింగుతోంది, మింగుతూనే ఒక కన్ను ఇటు వేసి చూస్తోంది.

"అబ్బో, నిన్ను చూస్తే ఎంత హుషారో," అంది వెనకనుంచి ఆడపడుచు.

రైలక్క ఆ కన్ను వైపు చూసింది. అది తన మొహాన్ని చూడటం లేదు, చేతిని చూస్తోంది. చెయ్యి అప్పటికే బకెట్టు పిడి కోసం చువ్వల మధ్యనుంచి లోపలికి వెళ్ళి ఉంది. ఎప్పుడు వెళ్ళిందో ఆమెకే తెలియదు.

చెయ్యి వెనక్కి తీసుకుంది. రెండడుగులు వెనక్కి వేసి గోడకి ఆనుకుంది. చాలాసేపటికి అమ్మమ్మ గుటకలు నెమ్మదించాయి, చెవులు లేచాయి. సరిచూసుకుందామని ఒక్క అడుగు ముందుకి వేసింది. చెవులు మళ్ళీ పడిపోయాయి, మొహం మళ్ళీ బకెట్టులోకి పోయింది. ఇంకోసారి చూడటానికి ఆమెకి ధైర్యం చాల్లేదు.

ఇన్నాళ్ళూ తనని చూసి సంబరపడుతోందనుకుంది. కాదు, తను బకెట్టు లాక్కుపోతుందని అది భయపడుతోంది. ఊపిరి తీసుకోడానికి తల తిప్పితే తిండి పోతుంది కాబట్టి ఊపిరి తీసుకోకుండా తినడం నేర్చుకుంది. ఆ దగ్గులో సగం, ఆ ఎముకల్లో సగం తన పనే. రైలక్క అక్కడినుంచి బూట్లు విప్పి చేత్తో పట్టుకుని, ఉత్తి కాళ్ళతో వెళ్ళిపోయింది. ఆడపడుచు ఏమైంది వదినా అని అడుగుతున్నా వెనక్కి తిరగలేదు.

ఆ సాయంత్రం ఇంట్లో మొగుడు అన్నం తింటున్నాడు. సగంలో మంచినీళ్ళకని వెనక్కి వాలాడు. రైలక్క చెయ్యి అలవాటుగా కంచం మీదికి వెళ్ళి మధ్యలో ఆగింది.

"నీకింకా కావాలా?" అని అడిగింది.

అతను ఆశ్చర్యంగా చూశాడు. "తింటున్నాను కదా."

"రోజూ నువ్విలా వాలగానే తీసేస్తానుగా. ఎప్పుడూ ఏమీ అనవేం?"

అతను నీళ్ళు తాగి, గ్లాసు కింద పెట్టి, ఆలోచించాడు. అతను ఆలోచించడమంటే మామూలు విషయం కాదు. "ఏమంటాను. నువ్వు గిన్నెలు తోముకునేటప్పుడు వంటింట్లోకెళ్ళి అడుగున ఉన్నది తినేస్తాను."

"రోజూనా?"

"పెళ్ళయిన దగ్గర్నుంచీ."

రైలక్కకి ముందు నవ్వు వచ్చింది. తర్వాత ఆగకుండా ఏడుపు వచ్చింది. ఏడుస్తూనే గుర్రం సంగతంతా చెప్పింది. అతను అన్నం ముద్ద చేతిలోనే పెట్టుకుని విన్నాడు.

"నాకంటే వంటిల్లుంది. దానికి లేదుగా పాపం," అన్నాడు చివరికి. "రేపు మేడమ్‌కి చెప్పు."

"ఏమని చెప్పను? దాని కడుపు నేనే మాడ్చానని చెప్పనా?"

"ఉన్నది అదే కదా. అలాగే చెప్పు."

"మళ్ళీ దాని బకెట్టు నా చేతికివ్వరు."

"ఇవ్వకపోతే బతికుంటుందిగా," అని అతను ముద్ద నోట్లో పెట్టుకున్నాడు. ఆ రాత్రి ఆమె కంచం తీయలేదు. అతనే కడుక్కున్నాడు.



ఆదివారం మైదానం నిండా పిల్లలు. యజమానురాలు కంచె పక్కన నిలబడి ఎవరో పిల్లకి కళ్ళెం ఎలా పట్టుకోవాలో చెబుతోంది. రైలక్క ఆమె తీరిక చేసుకునేదాకా ఆగింది. ఆగడమే ఆమెకి కష్టం, మాట్లాడటం అంతకంటే కష్టమైంది. తల తిప్పడం గురించి, గోడ గురించి, బూట్ల చప్పుడు గురించి చెప్పింది. చేతిని చూసిన కన్ను గురించి చెప్పేటప్పుడు ఆ చేతిని వెనక్కి పెట్టుకుంది.

యజమానురాలు అంతా విని, కళ్ళద్దాలు తీసి తుడుచుకుంది. "నువ్వెంత గబగబా చేస్తావో చూసి నేర్చుకోమని అందరికీ చెప్పింది నేనే కదా," అంది. తర్వాత, "నాకు ఆశ పెట్టకు. శుక్రవారమంతా ఏడ్చి మనసు రాయి చేసుకున్నాను. డాక్టరమ్మని ఇప్పుడు వద్దని, మళ్ళీ రమ్మని, ఇదంతా నేను పడలేను."

"రావద్దని చెప్పకండి మేడమ్. రానివ్వండి. అది తినడం మొదలుపెట్టినప్పటినుంచి చివరిదాకా ఒక్కసారి చూడమనండి. చూశాక మీరేమంటే అది."

"చివరిదాకా అంటే ఎంతసేపు?"

"తెలీదు మేడమ్," అంది రైలక్క. "ఎప్పుడూ ఉండనివ్వలేదుగా."

సోమవారం డాక్టరమ్మ చెప్పినవేళకే వచ్చింది. సంచీ తెచ్చి గదిబయట అరుగు మీద పెట్టింది. అందులో ఏముందో అందరికీ తెలుసు. రైలక్క చీకటితోనే లేచి జావ కలిపింది. చేతికి ఒక్క ఉండ తగిలినా వదల్లేదు. బకెట్టు ఆడపడుచు చేతికిచ్చి, తను శాల బయట గోడ వెనక, తొట్టి పక్కన కూర్చుంది. కాళ్ళకి బూట్లు లేవు. అక్కడినుంచి కనిపించదు, వినిపిస్తుంది.

జావ చప్పరించడం వినిపించింది. కాసేపటికి ఆగింది. దగ్గు వచ్చింది.

"తల తిప్పేసింది," అంది లోపల యజమానురాలి గొంతు. ఆ మాట వెనకే బకెట్టు పిడి చప్పుడైంది. ఇన్నేళ్ళ సూత్రం, ఎవరి చెయ్యి మాత్రం ఊరుకుంటుంది?

"ఉండండి. వదిలెయ్యండి," అంది డాక్టరమ్మ.

ఆ తర్వాత ఏమీ వినిపించలేదు. ఆడపడుచు కూడా మాట్లాడటం లేదు. అదొక వింత. రైలక్క రెండు చేతులూ ఒళ్ళో బిగించి పట్టుకుంది. లేచి పరిగెత్తి వెళ్ళి గుర్రాన్ని బతిమాలాలనిపించింది. వెళ్తే ఏమవుతుందో తెలుసు కాబట్టి కూర్చుంది. బతుకులో ఆమె చేసిన కష్టమైన పనుల్లో ఆ కూర్చోవడం ఒకటి. మళ్ళీ చప్పరింపు మొదలైంది. ఆగింది. మొదలైంది. ఎండ గోడ దిగి ఆమె పాదాల మీదికి వచ్చింది. చివరికి లోపల ఖాళీ బకెట్టు గోడకి తగిలి దొర్లుతున్న చప్పుడైంది. మూతితో దాని అడుగు నాకుతూ గదంతా తోసుకుపోతోంది.

డాక్టరమ్మ బయటికి వచ్చింది. "ఇంతసేపు పడుతుందని నాకెవరూ చెప్పలేదేం?"

"నేనే తప్పు చెప్పానమ్మా. చిటికెలో తింటుందన్నాను."

డాక్టరమ్మ ఆమె పక్కనే తొట్టి అంచు మీద కూర్చుంది. "ఊపిరితిత్తులు పాడైపోయాయి, అవి బాగుపడవు. ఊగుతున్న పళ్ళు పీకాలి, మిగతావి ఆకురాయితో అరగదీయాలి. ఎన్నాళ్ళుంటుందో నేను చెప్పలేను. కానీ ఇంత ఆకలున్నదాన్ని నేను పంపించను."

యజమానురాలు గుమ్మంలో నిలబడి మొహం పక్కకి తిప్పుకుంది. కాసేపటికి, "మరి రోజూ ఎవరు పెడతారు?" అంది.

అందరూ రైలక్క వైపు చూశారు. ఆమె కట్టు సర్దుకుంటూ, "మా ఆడపడుచు పెడుతుంది. తను ఎప్పుడూ ఆలస్యంగా వస్తుంది," అంది.

"మా అన్న పెళ్ళయినప్పటినుంచీ నువ్వు నన్ను మెచ్చుకోవడం ఇదే మొదలు వదినా," అంది ఆడపడుచు. యజమానురాలు నవ్వింది. రైలక్క నవ్వలేకపోయింది.

మంగళవారం పొద్దున కాలు దాదాపు కుదుటపడింది. మిగతా గుర్రాల దాణా మళ్ళీ ఆమెదే. అమ్మమ్మ జావ కలిపి గుమ్మంలో ఆడపడుచుకి అందించి, లోపలికి చూడకుండా వచ్చేసింది. తర్వాత రెండు చేతుల్లో రెండు బకెట్లతో వరస మొదలుపెట్టింది. చివరి గదులకి వెళ్ళాలంటే అమ్మమ్మ గది ముందునుంచే వెళ్ళాలి. మునివేళ్ళ మీద నడిచింది. తడి బూటు కీచుమంది.

లోపల చప్పరింపు ఆగిపోయింది.

రైలక్క అక్కడికక్కడే ఆగిపోయింది. ఒక కాలు ఇంకా గాల్లోనే ఉంది. బకెట్ల బరువుకి భుజాలు లాగుతున్నాయి, బెణికిన చీలమండ సలుపుతోంది. ముందు వరసలో గుర్రాలు ఆకలితో తలుపులు తంతున్నాయి. అటునుంచి ఎవరో, "రైలక్కా, ఏమైంది, ఇంకా రాలేదేం," అని కేకేశారు. ఆమె ఊపిరి కూడా బిగబట్టి, గోడ వైపు చూస్తూ అలాగే నిలబడింది. చాలాసేపటికి లోపల నెమ్మదిగా, తీరుబడిగా, జావ చప్పరించడం మళ్ళీ వినిపించాకే ఆ కాలు కింద పెట్టింది.